పేజీ తిప్పిన చప్పుడు

ఏప్రిల్ 5, శనివారం

రాయకూడదన్నారు. చదవకూడదు, ఫోను చూడకూడదు, రుద్దకూడదు, కంట్లో నీళ్లు పడకూడదు, బోర్లా పడుకోకూడదు. నేను వేళ్ల అంచనా మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాను. గీత తప్పితే తప్పనీ, ఇది చదివేవాళ్లు ఎవరున్నారు కనుక. అమ్మకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.

నిన్న లేజరు చేశారు. ఇవాళ పొద్దున్న డాక్టరమ్మ దీపం పెట్టి చూసి రెండు కళ్లూ బాగున్నాయంది. బాగున్నాయి. ఇంకోసారి రాసుకుంటే ధైర్యంగా ఉంటుంది. బాగున్నాయి.

ఏప్రిల్ 6, ఆదివారం

గుడికి వెళ్లలేదు. కరెంటు లేదు. చెమట కంట్లోకి దిగుతుందేమోనని నుదుటికి తువ్వాలు కట్టుకుని, తల వెనక్కి పెట్టి, మధ్యాహ్నమంతా కుర్చీలో కూర్చున్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున్న లేవగానే చెయ్యి అలవాటుగా తలగడ పక్కకు వెళ్లింది, అద్దాల కోసం. అక్కడ అద్దాలు లేవు. ఎదురుగా గోడ మీద చర్చి కాలెండరు, దాని మీద ఏప్రిల్ వాక్యం, కింద అంకెలు, అన్నీ కడిగి పెట్టినట్టు కనిపించాయి. నాది మైనస్ ఎనిమిది పవరు. ఇరవై ఏళ్లుగా పొద్దున్నపూట ఆ గోడ నాకు ఒక తెల్లటి మచ్చ. ఏడుపొచ్చింది. ఏడవవచ్చో లేదో వాళ్లిచ్చిన కాగితంలో రాయలేదు కాబట్టి ఆపుకున్నాను.

కాలెండరు మీది బర్మా అక్షరాలు కళ్లకు మంచి పరీక్ష. అన్నీ సున్నాలే. సున్నా ఏ పక్కన తెరుచుకుందో చూస్తేనే అది ఏ అక్షరమో తెలుస్తుంది. ఒక్కో కన్నూ మూసి రెండోదానితో చదివాను. రెండూ పాసయ్యాయి. రోజూ ఇలాగే చూసుకుంటాను.

దీనికంతటికీ కారణం మార్చి 28 భూకంపం. ఆ మధ్యాహ్నం నేను చౌక్తడా పేటలో, మా లాయరు గారి ఆఫీసులో పిటిషను టైపు చేస్తున్నాను. ముందు టీ గ్లాసు కదిలింది, తరవాత బీరువా కదిలింది. అందరూ మెట్లకేసి పరుగెత్తారు. మూడో అంతస్తు దగ్గర ఎవరిదో మోచెయ్యి తగిలి నా అద్దాలు ఎగిరిపోయాయి, వెనకాలే ఎవరో వాటి మీద కాలేశారు. ఆ కరకర విన్నాను. ఆ తరవాత నాకు మెట్లు లేవు, గోడలు లేవు, అరుపులు మాత్రం ఉన్నాయి. పక్క సీటు పద్మిని నా జబ్బ పట్టుకుని కిందికి లాక్కొచ్చింది. మండలే వాళ్లకు జరిగినదాని ముందు ఇదేమీ కాదు, మా బిల్డింగుకు బీట కూడా పడలేదు. అయినా ఆ వారమంతా ఇంట్లో కూడా చెప్పులు వేసుకునే పడుకున్నాను. ఇంకోసారి కదిలితే, పద్మిని పక్కన లేకపోతే, అన్నదొక్కటే ఆలోచన. బుధవారం పరీక్షలు చేయించుకున్నాను, శుక్రవారం లేజరు కింద పడుకున్నాను.

అమ్మకు ఇష్టం లేదు. "దేవుడిచ్చిన కళ్లకి కోత పెట్టించుకుంతావేటే? మీ నాన్న సచ్చినదాకా అద్దాలెట్టుకున్నాడు, ఏటి తక్కువైపోనాది?" అంది. నేను వినలేదు. చివరికి, "సరే ఎల్లు. రేపేటైనా అయితే నాకు మాత్రం సెప్పకు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏమీ కాలేదు. బాగున్నాయి.

ఏప్రిల్ 8, మంగళవారం

నిద్ర లేచేసరికి, రాత్రి చెయ్యి తగలకుండా ఎడమ కంటికి అతికించుకున్న ప్లాస్టిక్ మూత తలగడ మీద ఉంది. టేపు చెమటకు ఊడినట్టుంది. నా చెయ్యి కంటి మీద ఉంది.

చెయ్యి ఆనించి ఉంది, అంతే. రుద్దలేదు. రుద్దితే మెలకువ వచ్చేది కదా.

ఏప్రిల్ 9, బుధవారం

ఎడమ కన్ను కొంచెం మంచుగా ఉంది. మొదటి వారం మబ్బుగా ఉండవచ్చని కాగితంలో ఉంది. కాలెండరు చదివాను, ఎడమ కంటితోనే, తప్పు లేకుండా.

అమ్మ తనకా చెక్క అరగదీసి, ఆ గంధం చెంపలకు రాయబోయింది, చల్లగా ఉంటుందని. నేను ఎంత గట్టిగా వెనక్కి జరిగానంటే కుర్చీ పడిపోయింది. "ఏటయినాది నీకు?" అంది. ఏమీ కాలేదన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

రుద్దలేదు.

పొద్దున్న ఎడమ కంటితో కాలెండరు చదువుతూ ఉంటే అనుమానం వచ్చింది. రెండు కళ్లూ మూసుకుని చదివాను. అప్పుడు కూడా తప్పు లేకుండా చదివాను.

రేపు చెకప్. తరవాత తింజాన్ నీళ్ల పండగ సెలవులు.

ఏప్రిల్ 11, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇక నాకు మిగిలేది ఏమీ లేదు.

సెలవుల ముందు ఆఖరి రోజు కాబట్టి హాలు నిండా జనం. పద్ధతి ఇలా ఉంది. ముందు నర్సు బోర్డు చదివిస్తుంది. బాగా చదివినవాళ్లకు చుక్కల మందు రాసి ఇంటికి పంపేస్తోంది. తడబడినవాళ్లను గోడ పక్క ఆకుపచ్చ బెంచీ మీద కూర్చోబెడుతోంది, డాక్టరమ్మ దీపం పెట్టి చూడటానికి. ఆ బెంచీ మీద అప్పటికే ముగ్గురున్నారు. ఒకావిడ దుపట్టా నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆమెను చూడకుండా ఉండాలని తల తిప్పుకున్నాను.

నా ముందు పదకొండు మంది. ఒకే బోర్డు, ఒకే ఇంగ్లీషు అక్షరాలు, ఒకరి తరవాత ఒకరు పైకి చదువుతున్నారు. నేను కావాలని వినలేదు. మా సండే స్కూల్లో తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలుగురమే. మిగతా పిల్లలు ఒకరు చెబుతుంటే విని, కంఠతా పట్టి, ఆదివారం గ్రంథం చేతిలో పట్టుకుని చదువుతున్నట్టే అప్పజెప్పేవాళ్లు. మాకు అక్షరాలు నేర్పిందీ, వాక్యాలు అప్పజెప్పించుకున్నదీ మా సంఘ పెద్ద విలియం తాతే. ఒక్క మాట జారితే మొదటి నుంచి మొదలు పెట్టించేవాడు. అయిదేళ్లు వరసగా బహుమతి నాదే. అలాంటి పిల్లను గంట సేపు ఆ హాల్లో కూర్చోబెడితే ఏమవుతుంది?

నర్సు నా కుడి కన్ను మూసింది. బోర్డు మీద తెల్లటి వెలుగులో నల్లటి మరకలు తేలుతున్నాయి, ఒక్కో మరకకూ పక్కన నీడ. ఒక్క అక్షరం కూడా అక్షరంలా లేదు. ఆకుపచ్చ బెంచీ గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇ, డి, ఎఫ్, సి, జెడ్, పి. కింది వరస కూడా. మధ్యలో ఒకచోట కావాలని కాస్త ఆగాను, చూసి చదివేవాళ్లు ఆగినట్టు.

"చాలా బాగుంది మ కెరెన్," అంది నర్సు, బర్మా పద్ధతిలో నా పేరుకు మర్యాదగా 'మ' తగిలించి. "ఇరవై రెండో తారీకు దాకా ఆస్పత్రి మూసేస్తాం. ఏదైనా తేడా అనిపిస్తే కార్డు మీద డాక్టరమ్మ నంబరుంది."

దానంతట అదే తగ్గుతుంది. మొదటి వారం మబ్బుగా ఉండవచ్చని వాళ్లే రాశారు.

మొదటి వారం ఇవాళ్టితో అయిపోయింది.

ఏప్రిల్ 12, శనివారం

సాయంత్రం వరండా నుంచి వీధిలోకి వేలాడదీసిన తాడుకున్న గంట మోగింది. తాడు పైకి లాగితే చివరి క్లిప్పుకు ఒక చీటీ ఉంది. విలియం తాత పంపించాడు. ఈస్టరు తెల్లవారుజామున మొదటి వాక్యం ఈసారి నన్ను చదవమన్నాడు. ఖాళీ సమాధి భాగం, పద్దెనిమిది వచనాలు.

ఆ పఠనం ఎప్పుడూ సంఘ పెద్దదే. ముత్తాతల కాలంలో విశాఖపట్నం నుంచి ఓడ మీద తెచ్చిన పెద్ద గ్రంథం, ఏడాదికి ఒక్కసారే బయటికి తీస్తారు. నలభై ఏళ్లుగా తాత ఇంకొకరికి ఇవ్వలేదు. నాకెందుకు ఇచ్చాడో అర్థం కాలేదు. అమ్మ మాత్రం ఆ చీటీ పట్టుకుని పక్కింటి వాళ్లకు చూపించడానికి వెళ్లింది, తనకు చదవడం రాకపోయినా.

చీటీలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నా కన్ను ఇంత పాడైందా? ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. అప్పుడూ అలాగే ఉన్నాయి. కుడి కన్ను కూడా పోతోందా?

ఏప్రిల్ 13, ఆదివారం

కుడి కన్ను బాగుంది. మందు సీసా మీది చిన్న అక్షరాలు చదివింది. తాత చేతిరాతే అలా ఉందేమో.

మట్టలాదివారం. తల నొప్పి అని గుడికి వెళ్లలేదు. అబద్ధం కాదు, నిజంగా నొప్పి. రెండు కళ్లూ తెరిచి చదివితే అక్షరం మీద అక్షరం పడి గంటలో తల బద్దలవుతోంది.

ఏప్రిల్ 14, సోమవారం

చుక్కల మందు అయిపోయింది. కిందికి దిగక తప్పలేదు.

ఈ ఏడు భూకంపం కారణంగా పాటలూ స్టేజీలూ లేవు. వీధి మామూలుగా ఉంటుందనుకున్నాను. అయినా తింజాన్ తింజానే. పాత అద్దాల జత ఒకటి పెట్టెలో ఉంటే పెట్టుకున్నాను. కళ్లు తిరిగాయి, అయినా తీయలేదు. మందుల షాపు దాకా గోడ వారగా నడిచాను. తిరిగొచ్చేటప్పుడు మా వీధి మలుపులో ఒక ముసలావిడ వెండి గిన్నెతో ఎదురొచ్చి, ఎంతో మర్యాదగా నా భుజం మీద నీళ్లు పోసింది. చల్లగా, మల్లెపూల వాసన వేస్తూ ఉన్నాయి. చిన్నప్పుడు ఇదంటే నాకు ప్రాణం. ఇప్పుడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని నడిరోడ్డు మీద కూర్చుండిపోయాను. ఆవిడ భయపడిపోయి, పాపం, తన లుంగీ అంచుతో నా చెయ్యి తుడిచింది.

అప్పుడే వెళ్తున్న లారీ మీది నుంచి పైపు నీళ్లు వచ్చి ముఖానికి కొట్టాయి. అద్దాలు ఆపాయి. ఆపాయనే అనుకుంటున్నాను. ఆరు అంతస్తులూ ఎలా ఎక్కానో తెలీదు.

కార్డు తీసి నంబరు చూశాను. మళ్లీ లోపల పెట్టేశాను. ఫోను చేస్తే శుక్రవారం ఎలా చదివావని అడుగుతుంది.

ఏప్రిల్ 16, బుధవారం

పద్దెనిమిది వచనాల్లో పదకొండు కంఠతా వచ్చాయి.

ఏప్రిల్ 17, గురువారం

పద్దెనిమిదీ వచ్చాయి. అమ్మ బియ్యం ఏరుతూ వింది. "పుస్తకం లేకుండా సదివీస్తన్నావే," అని మురిసిపోయింది. ఆమె ముఖం చూడలేక వరండాలోకి వెళ్లాను.

ఎడమ కన్ను నిన్నటి కంటే మేలు. అలా అనిపిస్తోంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

మేలు కాదు.

ఏప్రిల్ 20, ఆదివారం

వరసగా రాస్తాను.

తెల్లవారుజామున గుడి నిండింది, అంటే నలభై మంది. కరెంటు లేదు, ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి, పుస్తకం పక్కన రెండు కొవ్వొత్తులు పెట్టారు. విలియం తాత మొదటి వరసలో, కర్ర రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మ మూడో వరస.

గ్రంథం తెరిచి చూశాను. కొవ్వొత్తి వెలుగులో ఒత్తులూ గుణింతాలూ కలిసిపోయి చీమలబారులా ఉంది. ఎడమ కన్ను మూసుకుంటే కుడి కంటితో చదవగలను. కానీ నలభై మంది ముందు ఒక కన్ను మూసుకుని ఎలా నిలబడతాను? అమ్మ చూస్తుంది. రెండు కళ్లూ తెరిచి, కాగితం మీదికి చూపు ఉంచి, వేలు వరస మీద జరుపుతూ మొత్తం అప్పజెప్పాను. ఒక్క మాట జారలేదు. అమ్మ కళ్లు తుడుచుకోవడం లీలగా కనిపించింది.

ఆరాధన అయ్యాక అందరూ టీకీ ఉడికించిన గుడ్లకీ బయటికి వెళ్లారు. తాత కదలలేదు. "నువ్వుండు తల్లీ," అన్నాడు. పక్కన కూర్చున్నాను.

"తప్పేటైనా పోయిందా తాతా?"

"ఒక్క మాట పోనేదు. బాగా సెప్పినావు." కర్ర మీద గడ్డం ఆనించాడు. "పేజీ తిప్పనేదు."

నాకు అర్థం కాలేదు.

"తొమ్మిదో వచనం కాడ ఆ కాయితం అయిపోతాది. తిప్పాల. దళసరి కాయితం, తిప్పితే ఆఖరి బెంచీ దాకా ఇనబడతాది. ఈ వేళ ఫేన్లు కూడా నేవు. నాను సూస్తన్నాను... సూడ్డం కాదు, ఇంతన్నాను. చప్పుడు రానేదు."

ఏదో చెప్పబోయాను, ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నాలుగేళ్లయినాది, నాకా అచ్చరాలు కనబడి. ఏటా అప్పజెప్తన్నాను. అందరూ సదువుతున్నాననే అనుకుంతారు. పేజీ మాత్రం నానెప్పుడూ మర్సిపోనేదు." కాస్త నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఏ కన్ను?"

"ఎడమది."

"ఎన్నాళ్లయినాది?"

"పన్నెండు రోజులు." మొదటిసారి ఆ లెక్క పైకి అన్నాను. ఏడుపు ఆగలేదు. నిద్రలో రుద్దేశానని చెప్పాను. రుద్దాను. ఎనిమిదో తారీకు పొద్దున్నే నాకు తెలుసు.

"నాను రెండేళ్లు దాసినాను. సంగపెద్దరికం పోద్దని బయిం. సివరికి ఎల్తే, కంటి నరం ఎండిపోనాది, ముందొచ్చుంటే ఆగేది, పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు డాకటరు. ఆ దినం ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. ఎవులికీ సెప్పనేదు. మల్లీ ఆ గుమ్మం తొక్కనేదు. నీకే సెప్తన్నాను." చెయ్యి చాచి నా తల కోసం వెతికాడు, భుజం దొరికింది. "నీది నరం కాదు కదా. ఇంకా వేళుంది. ఇప్పుడే ఫోన్ సెయ్యి. నాను ఇక్కడే కూకుంతాను."

గుడి మెట్ల మీదే ఫోను చేశాను. డాక్టరమ్మ ఎన్నాళ్లయిందని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, రేపు పొద్దున్న ఎనిమిదింటికి తాళం తీయిస్తాను రమ్మంది.

"నువ్వూ వస్తావా తాతా?" అని అడిగాను. "నాదింక అయిపోనాది గదే," అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. "సరే," అన్నాడు.

ఏప్రిల్ 21, సోమవారం, ఒంటి కంటితో

టాక్సీ దిగి ఆస్పత్రి మెట్లు ఎక్కేటప్పుడు తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు, నేను ఆయన కర్ర పట్టుకున్నాను.

ఖాళీ హాలు. ఆకుపచ్చ బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. డాక్టరమ్మ బోర్డు మార్చి, కుడి కన్ను మూసి, చదవమంది. కొత్త బోర్డు.

"కనబడటం లేదు," అన్నాను.

"పై వరస?"

"అదీ కనబడటం లేదు."

"మరి పదకొండున ఎలా చదివారు?"

"చదవలేదు. విని అప్పజెప్పాను."

తిడుతుందనుకున్నాను. కలం పక్కన పెట్టింది. తరవాత దీపం ముందుకు లాగింది. లేజరప్పుడు కోసి మళ్లీ మూసిన పై పొర మడత పడిందంది. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే సులువుగా సర్దుకునేదట, ఇప్పుడు మడత ముదిరిందట. ఇవాళే లేపి, కడిగి, చదును చేస్తానంది. ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో చెప్పలేనంది.

మళ్లీ ఆ బల్ల మీద పడుకున్నాను. మొదటిసారి కంటే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఇప్పుడు ఏం పోతుందో నాకు తెలుసు.

బయటికి వచ్చేసరికి తాత దీపం ముందు గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు. మిగిలిన కొంచెం చూపునైనా కాపాడుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోవాలట. ఆ సీసా ఆయన జేబులో నేనే పెట్టాను.

అమ్మ తలుపు తీసి కట్టు చూసింది. నేను అంతా చెప్పాను, నిలబడే చెప్పాను. బోర్డు సంగతి, పుస్తకం సంగతి కూడా.

"నువ్వే కదా, ఏటైనా అయితే నాకు సెప్పకు అన్నావు," అన్నాను చివరికి.

"అన్నాను. కోపంలో అన్న మాటలన్నీ ఇంతావేటి నువ్వు? ఎప్పుడైనా ఇన్నావా?" అంది. తరవాత నన్ను కూర్చోబెట్టి అన్నం కలిపి నోట్లో పెట్టింది. పెడుతూ ఏడ్చింది.

ఏప్రిల్ 24, గురువారం

రెండు చేతులకూ అమ్మ పాత సాక్సులు తొడిగి, మణికట్టు దగ్గర గుడ్డ పీలికలతో కట్టి పడుకోబెడుతోంది. పొద్దున్న ఆమె విప్పేదాకా నా చేతులు నావి కావు. మూడు రాత్రుల్లో నిద్ర పట్టింది నిన్నొక్క రాత్రే.

ఏప్రిల్ 27, ఆదివారం

తాత లేచి నిలబడి, "ఈ వేళ నుంచి నాను సదవను. నాకు కనబడదు. నాలుగేళ్లుగా కనబడ్డం నేదు," అని సంఘం ముందు చెప్పి కూర్చున్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తరవాత వెనక వరస నుంచి ఎవరో ముసలాయన, "మాకు తెల్సు విలియమూ," అన్నాడు. "సదవడానికి మాకు మాత్రం వొచ్చేటి?"

నన్ను పిలిచారు. నాకు కంఠతా రాని భాగం. ఎడమ కంటి మీద మూత అలాగే ఉంది. ఒంటి కంటితో, తడబడుతూ, రెండుచోట్ల వెనక్కి వెళ్లి చదివాను. పేజీ వచ్చినప్పుడు తాత వైపు చూసి గట్టిగా తిప్పాను. ఆయన తల ఊపాడు.

మే 1, గురువారం

నిన్న మూత తీసేశారు. ఇక చూసుకోవడమే అంది డాక్టరమ్మ. నిన్నంతా చూసుకోలేదు. ఎడమ కంటిని ఏమీ అడగకుండా రోజు గడిపాను.

పొద్దున్న అమ్మ ఏప్రిల్ కాగితం చించింది. మే వాక్యం ఏమిటో నాకు తెలీదు. పైకి చదవొద్దని అమ్మను బతిమాలాను. బర్మా అక్షరాలైతే ఆమె గడగడా చదివేస్తుంది.

మంచం మీద కూర్చుని కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాను. మొదటి మాట కనిపించింది. నిజంగా కనిపించింది, నాకు ముందు తెలియని మాట. రెండో మాటలో అన్నీ సున్నాలే. ఎటు తెరుచుకున్నాయో ఎంత చూసినా తెలీలేదు.

"ఏటి రాసున్నాది?" అని అమ్మ అడిగింది.

చెప్పేయవచ్చు. మొదటి మాటను బట్టి రెండోది ఏమై ఉంటుందో నేను ఊహించగలను.

"ఒక్క మాటే కనబడతంది అమ్మా. రెండోది కనబడ్డం లేదు."

అమ్మ కాలెండరు మేకు నుంచి తీసి, రెండు చేతులతో గుండెల మీద పట్టుకుని, ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇప్పుడో?"

"ఇప్పుడూ లేదు."

ఇంకో అడుగు వేసింది.